పాయింట్ల గీత కాదు, పని గీత గియ్యి

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. మీ ఇంటి పాత డెస్క్‌టాప్, నీ ల్యాప్‌టాప్ రెండిట్లోనూ బోయింక్ (మన కంప్యూటర్ ఖాళీ సమయాన్ని సైన్స్ లెక్కలకి వాడుకునే ప్రోగ్రామ్) పెట్టి, పల్సర్లనే నక్షత్రాలనీ గురుత్వ తరంగాలనీ వెతికే ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ ప్రాజెక్టుకి పని చేయిస్తున్నావని, వాటి లాగ్‌ల (చేసిన పని రాసుకునే ఫైళ్ల) నుంచి గ్రాఫులు గీసే ప్రోగ్రామ్ రాయాలనుకుంటున్నావని మీ అమ్మ ముందే చెప్పింది. నీ మెసేజ్ చూశాక ఇంకా సంతోషం వేసింది. ఏ చార్ట్ లైబ్రరీ వాడాలని అడిగావు. నీకు పైథాన్ వచ్చు కాబట్టి మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలు. నచ్చకపోతే తర్వాత ఒక్క పూటలో మార్చుకోవచ్చు. ముందు తేలాల్సింది వేరే ఉంది: గ్రాఫ్ చూసి నువ్వు ఏం తెలుసుకోవాలి?

ఈ పని మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది క్రెడిట్లే, అంటే చేసిన పనికి ప్రాజెక్టు ఇచ్చే పాయింట్లే, గీస్తారు. ఆ గ్రాఫ్ బోయింక్ మేనేజర్‌లో స్టాటిస్టిక్స్ అన్నచోట ఇప్పటికే ఉంది, మళ్లీ నువ్వు రాయక్కర్లేదు. పైగా ఆ గీత నీ మిషన్ గురించి చెప్పేది చాలా తక్కువ. మొత్తం క్రెడిట్ ఆటో మీటర్ లాంటిది, పైకే పోతుంది, ఎప్పుడు చూసినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. సగటు క్రెడిట్ అని ఇంకోటి ఉంటుంది, అందరూ ర్యాక్ అంటారు. దాని లెక్కలో వారం గడిచేసరికి పాత పని విలువ సగానికి పడిపోతుంది. కొత్త మిషన్ మొదటి రోజు నుంచీ ఒకే వేగంతో పనిచేసినా ఆ గీత కొన్ని వారాలపాటు ఎక్కుతూనే ఉంటుంది. మిషన్ ఆపేస్తే కూడా ఒక్కసారిగా సున్నాకి రాదు, మెల్లగా దిగుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. నీ మిషన్ జవాబు పంపగానే క్రెడిట్ రాదు. చాలా ప్రాజెక్టుల్లో అదే పనిని ఇంకెవరి కంప్యూటరో చేసి పంపాలి, రెండు జవాబులూ సరిపోవాలి, అప్పుడే క్రెడిట్. అవతలివాళ్లు మిషన్ కట్టేసి ఊరెళ్తే నీ క్రెడిట్ కూడా ఆగిపోతుంది. అంటే మంగళవారం గీత ఒక్కసారి పైకి లేచిందంటే దానికి కారణం నీ డెస్క్‌టాప్ కాకపోవచ్చు, ఎక్కడో జర్మనీలో ఎవరో ఊరి నుంచి తిరిగొచ్చి ఉండొచ్చు. రెండు ప్రాజెక్టుల క్రెడిట్లని ఒకే గ్రాఫ్‌లో అయితే అస్సలు పెట్టకు. ఒక గిగాఫ్లాప్ వేగం (సెకనుకి వంద కోట్ల లెక్కలు) ఉన్న మిషన్ రోజంతా పనిచేస్తే 200 క్రెడిట్లని నిర్వచనం ఉందిగానీ, ఆచరణలో ఒక్కో ప్రాజెక్టు చెయ్యి ఒక్కోలా ఉంటుంది. వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ అనే ఇంకో ప్రాజెక్టు వాళ్ల సొంత పాయింట్లయితే బోయింక్ క్రెడిట్‌కి ఏడు రెట్లు. అవీ ఇవీ కలిపి గీస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

నీకు కావాల్సింది జాబ్ లాగ్. బోయింక్ డేటా ఫోల్డర్‌లో జాబ్ లాగ్ అని మొదలై ప్రాజెక్ట్ అడ్రస్‌తో ముగిసే టెక్స్ట్ ఫైలు ఉంటుంది. విండోస్‌లో ఆ ఫోల్డర్ ప్రోగ్రామ్‌డేటా కింద దాగి ఉంటుంది. టాస్క్ (సర్వర్ పంపిన ఒక్కో పని) ముగిసినప్పుడల్లా అందులో ఒక వరుస చేరుతుంది. మొదట 1970 నుంచి లెక్కపెట్టిన సెకన్లలో సమయం, తర్వాత జంటలు జంటలుగా అక్షరాలూ అంకెలూ. యూఈ అంటే ముందుగా వేసిన అంచనా సమయం, సీటీ అంటే ప్రాసెసర్ వాడిన సమయం, ఎఫ్ఈ అంటే లెక్కల సంఖ్య అంచనా, ఎన్ఎమ్ టాస్క్ పేరు, ఈటీ నిజంగా నడిచిన సమయం, ఈఎస్ ముగింపు కోడ్. ఇంత శుభ్రంగా ఉన్న లాగ్ దొరకడం అదృష్టమే. ఇలాంటిదే ఇంకో ప్రాజెక్టు ఫోల్డింగ్ ఎట్ హోమ్, దాని ఏడో వెర్షన్ లాగ్‌లో ప్రతి వరుసకీ గంటలు, నిమిషాలు, సెకన్లే ఉంటాయి, తేదీ ఉండదు. తేదీ అప్పుడప్పుడూ విడిగా ఒక వరుసలో వస్తుంది. అర్ధరాత్రి దాటిందో లేదో నువ్వే కనిపెట్టుకోవాలి.

అసలు కథంతా సీటీ, ఈటీల మధ్య ఉంది. ప్రాసెసర్ మీద నడిచే టాస్క్‌కి ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటే మిషన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఈటీ పెరిగి సీటీ అలాగే ఉంటే ఇంకేదో ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ని లాక్కుంటోంది. మీ తమ్ముడి గేమ్ కావచ్చు, యాంటీవైరస్ కావచ్చు. రెండూ కలిసి పెరిగితే మాత్రం ప్రాసెసరే నెమ్మదించింది. మే నెలలో మీ విజయవాడలో మధ్యాహ్నం పూట ఇది బాగా కనిపిస్తుంది, వేడెక్కి తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. దుమ్ము పట్టిన ఫ్యాన్ సంగతి కూడా ఇలాగే బయటపడుతుంది. ఒక అక్షం మీద తేదీ, ఇంకో అక్షం మీద ఈటీ పెట్టి, ఒక్కో టాస్క్‌కి ఒక్కో చుక్క పెట్టు. పక్కనే సీటీకి వేరే రంగు. ఈ ఒక్క గ్రాఫ్ బాగా వస్తే నీ ప్రోగ్రామ్ సగం అయిపోయినట్టే.

గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే టాస్క్‌లని ఇందులో కలపకు. వాటికి ప్రాసెసర్ సమయం తక్కువే పడొచ్చు కాబట్టి ఆ పోలికకి అర్థం లేదు. టాస్క్ రకాలని కూడా విడదీయాలి. పల్సర్ల వెతుకులాట ఒక పని, గురుత్వ తరంగాలది ఇంకో పని, రెండిటికీ పట్టే సమయాలు వేరు. ఈ లాగ్‌లో అప్లికేషన్ పేరు విడిగా ఉండదు, టాస్క్ పేరు మొదటి భాగం చూసి పోల్చుకోవాలి. విడదీయకుండా సగటు తీస్తే ఏ టాస్క్‌కీ పట్టని సమయం ఒకటి వస్తుంది. విడదీశాక కూడా సగటు కన్నా మధ్య విలువ (వరసగా పేర్చితే నడుమ పడేది) నయం.

ఇక ఖాళీలు. కరెంటు పోయి మిషన్ రెండు రోజులు ఆగిందనుకో. లైబ్రరీ తనంతట తాను ముందు చుక్కనీ తర్వాత చుక్కనీ కలిపి గీత గీసేస్తుంది, చూసేవాడికి ఆ రెండు రోజులూ పని జరిగినట్టే ఉంటుంది. సున్నా పెడితే అదీ తప్పే, అప్పుడు మిషన్ వెలిగి ఉండి ఏమీ చేయలేదని అర్థం వస్తుంది. అక్కడ గీత తెంపేయాలి. మిషన్ ఎప్పుడు ఆగిందో తెలియాలంటే బోయింక్ సందేశాలు రాసుకునే ఎస్‌టీడీఅవుట్‌డీఏఈ (stdoutdae.txt) అనే ఇంకో ఫైలు చూడు. బోయింక్ మొదలైనప్పుడూ, కంప్యూటర్ వాడకంలో ఉందనో బ్యాటరీ మీద ఉందనో పని ఆపినప్పుడూ అందులో ఒక వరుస పడుతుంది. ఆ సమయాల్ని గ్రాఫ్ వెనక బూడిద రంగు పట్టీలుగా వెయ్యి, చూడగానే విషయం తెలిసిపోతుంది. కానీ ఒకటి: ఈ ఫైల్లో సమయం లోకల్, జాబ్ లాగ్‌లో అలా కాదు. అన్నీ యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలోకి మార్చి దాచుకుని, చూపించేటప్పుడే మన టైమ్‌లోకి తెచ్చుకో. ఇక్కడ అయిదున్నర గంటలు కలిపితే సరిపోతుంది. డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య వాడాడనుకో, నవంబర్‌లో గడియారాలు వెనక్కి తిప్పిన రాత్రి ఒక గంట రెండుసార్లు వస్తుంది.

దాచడానికి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు. ప్రాజెక్ట్, టాస్క్ పేరు కలిపి కీగా పెట్టుకుంటే ఎన్నిసార్లు చదివినా ఒకే వరుస రెండుసార్లు చేరదు. పేరు చివర ఉండే సున్నా, ఒకటి లాంటి అంకెని మాత్రం కత్తిరించకు, ఒకే పనికి ఇచ్చిన వేర్వేరు కాపీలని విడదీసేది అదే. చివరి వరుస సగం రాసి ఉంటే వదిలేసి తర్వాతిసారి చదువు. బోయింక్ ఫైళ్లలో నువ్వు ఏదీ రాయొద్దు, కాపీ తీసుకుని కాపీనే చదువు. రోజువారీ క్రెడిట్ ఫైలు కూడా కావాలంటే గుర్తుంచుకో, మామూలుగా అది 30 రోజులే ఉంచుతుంది. కాన్ఫిగ్ ఫైల్లో ఆ సంఖ్య పెంచుకోవచ్చు.

ముగింపు కోడ్ సున్నా కాని టాస్క్‌లని ఎర్ర చుక్కలుగా చూపించు, దాచకు. సున్నా వచ్చినంత మాత్రాన జవాబు సరైనదని కాదు, అది తేల్చేది సర్వరే. అయినా వరసగా ఎర్ర చుక్కలొస్తే మెమరీ, వేడి చూసుకోవాల్సిందే.

గ్రాఫ్ ఎంత బాగున్నా ఎవరో ఒకరు తెరిచి చూస్తేనే కదా. ఇలాగే జనం కంప్యూటర్లతో ఓ రహస్య సందేశాన్ని విప్పే తాళంచెవిని వెతికిన డిస్ట్రిబ్యూటెడ్ డాట్ నెట్ వాళ్ల ఆర్‌సీ5-64 ప్రాజెక్టులో 3,31,252 మంది పాల్గొన్నారు. దాదాపు అయిదేళ్లు వెతికాక 2002 జూలై 14న టోక్యోలో ఓ మామూలు పెంటియం 3 మిషన్ అసలు తాళంచెవిని కనిపెట్టి సర్వర్‌కి పంపింది. దొరికిందని కబురు పంపాల్సిన స్క్రిప్ట్ పాడై ఉండటంతో ఆ సంగతి ఆగస్టు 12 దాకా ఎవరికీ తెలియలేదు. జవాబు వాళ్ల దగ్గరే ఉంది, చూసినవాళ్లు లేరు. ఇంతా చేసి విప్పి చూస్తే లోపలున్న సందేశం, 'కొన్ని చదవకుండా వదిలేయడమే మంచిది' అని. ఇప్పటికీ నవ్వొస్తుంది నాకు. అందుకని ఒకరోజంతా కొత్త వరుస రాకపోతే నీ ఫోన్‌కి మెసేజ్ పంపే ముక్క కూడా రాయి. ఆ మెసేజ్ నిజంగా వస్తోందో లేదో అప్పుడప్పుడూ మిషన్ ఆపి చూసుకో.

నీ ప్రోగ్రామ్ స్నేహితులకి ఇచ్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. అదే ఫోల్డర్‌లో అకౌంట్ అని మొదలయ్యే ఫైళ్లలో నీ అకౌంట్ కీ, పాస్‌వర్డ్ లాంటిది, ఉంటుంది. ఫోల్డర్ మొత్తం జిప్ చేసి ఎవరికీ పంపకు. నాకు కూడా జాబ్ లాగ్ ఒక్కటే పంపు, రెండు మిషన్లవీ వేర్వేరుగా. నేను చుక్కలు వేసి చూస్తాను, నువ్వూ వెయ్యి, ఆదివారం ఫోన్‌లో రెండూ పోల్చుకుందాం.

మీ మామయ్య