పాట మోగుతోంది, డబ్బు ఎక్కడ?

ప్రశ్న: నేను పాటలు రాస్తాను. ఒక మిత్రుడు బాణీ కట్టిన నా పాట రేడియోలో, హోటళ్లలో తరచూ వినిపిస్తోంది. రాసినందుకు ఒకసారి డబ్బిచ్చారు, అంతే. ప్రదర్శన హక్కుల సంస్థలో చేరమని అందరూ చెబుతున్నారు. దానివల్ల నాకు ఒరిగేదేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు, ఆ డబ్బు తీసుకున్నప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితం తీసి చదవండమ్మా. ప్రదర్శన రాయల్టీని, అంటే పాట బయట వినిపించినప్పుడల్లా రావలసిన సొమ్మును, వదులుకున్నట్టు అందులో లేకపోతే, పాట మోగినచోటల్లా మీ వాటా ఉన్నట్టే.

కానీ హోటలు హోటలుకీ తిరిగి మీరు వసూలు చేసుకోలేరు. వేలమంది రచయితలను వెతికి అనుమతి అడగడం హోటలు యజమాని వల్లా కాదు. అందుకే మధ్యలో సంస్థ నిలబడుతుంది. వాడుకునేవాళ్లకు లైసెన్సిచ్చి, ఫీజు వసూలు చేసి, తన ఖర్చులు పోను రచయితకూ స్వరకర్తకూ పాట హక్కులు చూసుకునే పబ్లిషర్‌కూ పంచుతుంది. విదేశంలో మోగితే, ఒప్పందం ఉన్న అక్కడి సంస్థ వసూలు చేసి పంపుతుంది.

ఇది ఒక కెఫే బిల్లు దగ్గర మొదలైన కథ. 1847లో పారిస్‌లో ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత, 'నా పాటలు ఊరికే వాడుకుంటున్నారు, నేను తాగినదానికి మాత్రం ఎందుకివ్వాలి?' అని భీష్మించుకున్నారు. కోర్టు ఆయన పక్షాన నిలిచింది. ఆ పోరాటం నుంచే 1851లో సాసెమ్ అనే ఫ్రాన్స్ ప్రదర్శన హక్కుల సంస్థ పుట్టింది. ఇప్పటికీ నడుస్తోంది. ఆ రోజు ఆయన మొహమాటపడి బిల్లు కట్టేసి ఉంటే ఏమయ్యేదో అని నాకు తరచూ అనిపిస్తుంది.

అయితే చేరినంత మాత్రాన డబ్బు రాదు. నాకు జరిగిందే చెబుతాను. ఒక సీరియల్‌కి పాట రాశాను. స్వరకర్తకు రాయల్టీ వచ్చింది, నాకు రాలేదు. సంస్థవాళ్లే ఎగ్గొట్టారనుకుని కోపంగా వెళ్లాను. అక్కడ ఒకావిడ ఓపిగ్గా క్యూ షీట్ తెరిచి చూపించింది. ఏ ఎపిసోడ్‌లో ఏ సంగీతం ఎంతసేపు వాడారో నిర్మాతలు నింపి ఇచ్చే పట్టిక అది. పాట పేరుంది, 1 నిమిషం 40 సెకన్లని నిడివి ఉంది, స్వరకర్త పేరుంది. దాని పక్కన రచయిత గడి ఖాళీ! ఆ ఒక్క గడి నింపించడానికి నాకు రెండేళ్లు పట్టింది. సంస్థ దగ్గర పాట నమోదై ఉంటే ఖాళీ గడి ఉన్నా నన్ను పట్టుకునేవాళ్లు. నేను ఆ నమోదే చేయలేదు.

అందుకని సభ్యత్వంతో ఆగకండి. పాటను కూడా రిజిస్టర్ చేయండి. దానికి ఐఎస్‌డబ్ల్యూసీ అనే నంబరు వస్తుంది, అది రచనకు, బాణీకి సంబంధించింది. రికార్డింగుకు ఇచ్చే ఐఎస్‌ఆర్‌సీ వేరు, రెండూ కలిపేసుకోకండి. పేరు అన్నిచోట్లా ఒకే స్పెల్లింగుతో ఉండాలి. మీ పాట కచేరీలో పాడితే, పాడిన పాటల జాబితా సంస్థకు చేరిందో లేదో కనుక్కోండి.

ఇక వాటాలు. సాహిత్యానికి ఎంత, బాణీకి ఎంత అన్నది మీరూ మీ మిత్రుడూ మాట్లాడుకుని కాగితం మీద పెట్టారా? లేకపోతే ఈ వారమే కూర్చోండి. పాట పేరు, ఇద్దరి పేర్లు, శాతాలు, తేదీ, సంతకాలు – అరపేజీ చాలు. పాట పెద్ద హిట్టయ్యాక ఇదే మాట ఎత్తడం ఎంత కష్టమో నేను చూశాను. ఇద్దరికీ చెరో ప్రతి ఉంచుకుని, అవే శాతాలతో రిజిస్టర్ చేయండి.