ఆ గదికి గాలి ఆడనివ్వు

చిన్నీ,

ఈ చలికాలమంతా మీ అమ్మను నీ దగ్గరే ఉంచుకుంటానన్నావట. నిన్న ఫోన్లో తనే చెప్పింది. చెబుతున్నప్పుడు తన గొంతులో ఎంత సంతోషమో! నాకు నిన్ను చూసి గర్వంగా అనిపించింది. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. డెబ్బై దాటిన మనిషి, ఏటా చలికి తిరగబెట్టే దగ్గు, పైగా ఇంట్లో బడికెళ్లే పిల్లాడు. వాడు బడి నుంచి మోసుకొచ్చే జలుబు ముందు అంటేది అమ్మమ్మకే.

ఫ్లూ టీకా ఇప్పుడే వేయించు, అది పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. ఆ వయసు వాళ్లకు న్యుమోనియా టీకా కూడా ఉంది, డాక్టర్ని అడుగు. పిల్లాడు ఇంట్లోకి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. ఇవి నీకు తెలిసినవే.

మందుల డబ్బా గురించి మాత్రం జాగ్రత్త. జ్వరానికి వేసే పారాసెటమాల్ చాలా జలుబు మాత్రల్లో, సిరప్‌లలో కూడా కలిసి ఉంటుంది. జ్వరానికొకటి, జలుబుకొకటి అని రెండూ వేస్తే తెలియకుండానే డోసు పెరిగిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. మంచం పక్కన ఒక నోట్‌బుక్ పెట్టి, ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు వేశావో రాయి. రాత్రి మూడింటికి నిద్రమత్తులో ఎవరికీ ఏదీ గుర్తుండదు. పిల్లాడికి జ్వరమొస్తే ఆస్పిరిన్ జోలికి పోకు. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్స్ ఎవరికీ వేయకు. నువ్వు వేస్తావు, నాకు తెలుసు. పోయిన ఏడాది వేశావు కదా!

ఇంక అసలు సంగతి. అమ్మ గదిలో కిటికీ సందులన్నీ మూయించి, గది వెచ్చగా ఉండే ఏర్పాటు చేస్తానన్నావట. ఆ మాట వినగానే నా గుండె ఆగినంత పనైంది. ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు.

మా వాడికి అప్పుడు నాలుగేళ్లు. మూడు రోజులుగా జ్వరం, దగ్గు. వాడికి చలిగాలి తగలకూడదని కిటికీలు బిగించాను. తలుపు కింద సందులో పాత చీర కుక్కాను. బొగ్గుల కుంపటి తెచ్చి మంచానికి కొంచెం ఎడంగా పెట్టి, ముగ్గురం పడుకున్నాం. అర్ధరాత్రి నాకు తలనొప్పి, వికారం. మీ పెదనాన్నకూ అంతే. వాడి జబ్బు మాకూ అంటుకుందనుకున్నాను. వాడి నుదురు చూస్తే చల్లగా ఉంది, కదలకుండా పడుకున్నాడు. జ్వరం దిగి హాయిగా నిద్రపోతున్నాడని సంతోషించాను చిన్నీ. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు వణుకుతుంది.

తెల్లవారుజామున మీ అమ్మ వచ్చింది. పిల్లాడికి ఎలా ఉందో చూడకుండా ఉండలేక, వెలుతురు రాకముందే బయలుదేరిందట. తలుపు కొట్టింది, కొడుతూనే ఉంది. నేను లేచాను గానీ కాళ్లు నిలవలేదు. పాక్కుంటూ వెళ్లి గడియ తీశాను. తను ఒక్క మాట కూడా అడగలేదు. వాడిని ఎత్తుకుని వరండాలోకి పరిగెత్తింది. మళ్లీ వచ్చి కుంపటి బయటికి లాగేసి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. ఆసుపత్రిలో వాడికి ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి "అమ్మా" అన్నాడు.

డాక్టర్ చెబితే అప్పుడు తెలిసింది. బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, నీరసం అచ్చం ఫ్లూ లాగే ఉంటాయి. కానీ జ్వరం ఉండదు, ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తుంది, బయటి గాలికి వెళ్తే తగ్గుతుంది. అలా అనిపిస్తే మందు వెతకకు, ముందు అందరినీ బయటికి తీసుకుపో. నువ్వు కొన్న ఆక్సీమీటర్, అదే వేలికి పెట్టి ఆక్సిజన్ చూసేది, దగ్గు ముదిరిందేమో చూడటానికి పనికొస్తుంది గానీ దీన్ని పట్టుకోలేదు, అంతా బాగున్నట్టే చూపిస్తుంది.

కాబట్టి బొగ్గు, కట్టె, గ్యాస్‌తో మండేదేదీ ఆ గదిలో వద్దు. కరెంటు హీటర్ పెట్టుకో, దుప్పట్లకు మూడడుగుల దూరంలో. పడుకునే ముందు ఆపేయి. వేడినీళ్ల బ్యాగ్ పెడితే గుడ్డ చుట్టి పెట్టు, ముసలి పాదాలకు కాలుతున్నదీ తెలియదు.

ఇంకొక్కటి. పెద్దవాళ్లకు న్యుమోనియా వచ్చినా ఒక్కోసారి పెద్దగా జ్వరం రాదు. మీ అమ్మ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా, ఊపిరి వేగంగా తీసుకుంటున్నా, పగలంతా మగతగా ఉన్నా తెల్లారేదాకా ఆగకు, ఆసుపత్రికి తీసుకెళ్లు. నన్ను కూడా లేపు, ఏ వేళైనా సరే.

నువ్వూ పడుకోవాలి తల్లీ. మీ ఆయనా, నువ్వూ రాత్రులు వంతులేసుకోండి. అన్నీ నేనే చేస్తానని మొండికేయకు.

ఆనాటి నుంచి మీ అమ్మ ఎంత చలిలోనైనా కిటికీ రెక్క ఒకటి కాస్త తెరిచే పడుకుంటుంది. దానికి తనతో గొడవపడకు, ఇంకో దుప్పటి కప్పు. ఆదివారం ఫోన్ చేస్తాను, తనకివ్వు.

మీ పెద్దమ్మ