పడిన బండి ఎక్కే ముందు

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. పార్కింగ్‌లో ఎవరో కారు వెనక్కి తీస్తూ నీ స్కూటీని పడేసి వెళ్లిపోయారట. నువ్వు వచ్చేసరికి కుడిపక్కకి పడి ఉందట. ఎంతసేపటి నుంచి అలా ఉందో ఎవరికీ తెలియదట. ఇద్దరి చేత పట్టించి నిలబెట్టావట. "మెకానిక్ అక్కర్లేదు, నేనే చూసుకుంటా, పొద్దున్నే దీని మీదే వెళ్తా" అన్నావట. ఈ "అట"లన్నీ చెబుతుంటే మా తమ్ముడి గొంతులో సగం కోపం, సగం గర్వం.

నా పరిస్థితీ అంతే. నీ బండిని నువ్వే చూసుకోవాలనుకున్నావు, బాగుంది. ఆ మాటలో నా పోలిక కనిపించింది. "పొద్దున్నే" అన్నావు చూడు, అందులోనూ నా పోలికే కనిపించింది. ఆ రెండోది నిద్ర పట్టనివ్వలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివేదాకా బండి తియ్యకు. పొద్దున వెళ్లాల్సిన చోటికి ఇంకెలాగైనా వెళ్లు. టైమ్ తరుముతుంటే చేసే పని కాదిది.

లేపేశావు కాబట్టి దాని గురించి ఒక్క ముక్కే. ఇంకోసారి కుడిపక్కకి పడితే ముందు తాళం ఆపి, పడి ఉండగానే సైడ్ స్టాండ్ బయటికి తీసి, అప్పుడు లేపు. లేకపోతే ఇటు లేపిన బండి అటు పడుతుంది. నడుము వంచి లాగకు, కాళ్ల బలంతో లేపు.

తర్వాత ముక్కుతో చూడు. పెట్రోలు వాసన గట్టిగా వస్తుంటే సెల్ఫ్ జోలికి పోకు. కింద చెమ్మ ఉందేమో చూడు, ఆ చుట్టుపక్కల ఎవరినీ సిగరెట్ కాల్చనివ్వకు. పాతకాలం కార్బ్యురేటర్ బళ్లలో పక్కకి పడితే పెట్రోలు పొంగి బయటికి వచ్చేస్తుంది. నీది ఇంజెక్షన్ బండి కదా, వాటిలో చాలావాటికి బండి పడగానే ఇంజిన్‌ని ఆపేసే సెన్సర్ ఉంటుంది. స్టార్ట్ ఎప్పుడు చెయ్యాలో కింద చెబుతాను, అప్పుడు అవ్వకపోతే తాళం పూర్తిగా ఆపి మళ్లీ తిప్పు, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది.

ఆయిల్ సంగతి కూడా ఉంది. పడి ఉన్నంతసేపూ ఇంజిన్ ఆయిల్ వెళ్లకూడని చోట్లకి వెళుతుంది. సిలిండర్ లోపలికో, గాలి గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్‌లోకో. అందుకే చదునైన చోట డబుల్ స్టాండ్ మీద నిలబెట్టి, కాసేపు వదిలేసి, ఆయిల్ ఎంత ఉందో చూసుకో. స్టార్ట్ చేశాక తెల్లగానో నీలంగానో పొగ వస్తే, రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతే భయం లేదు. తగ్గకపోతే ఆపెయ్. సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ తిరగకుండా బిగుసుకుపోయినట్టుంటే అస్సలు బలవంతం చెయ్యకు. సిలిండర్‌లో చేరిన ఆయిల్‌ని నొక్కడం ఇంజిన్ వల్ల కాదు, లోపలి రాడ్డు వంగిపోతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి చూడాల్సిన పని అది. దానికి మెకానిక్‌ని పిలవడం పరువు తక్కువేం కాదు.

లైట్లు, ఇండికేటర్లు, హారన్ నొక్కి చూసుకో. వెనక బ్రేక్ లైటు రెండు లివర్లకీ విడివిడిగా వెలగాలి.

ఇక కుడిపక్క. అసలు ఉత్తరం ఇక్కడి నుంచే మొదలనుకో. బండి కుడికి పడిందంటే నేలకి తగిలేవి అద్దం, ముందు బ్రేక్ లివర్, రేజ్ ఇచ్చే గ్రిప్, సైలెన్సర్. ఇందులో నీ కళ్లు మొదట అద్దం మీదికే పోతాయి. గీతల మీదికి పోతాయి. నా కళ్లూ అలాగే పోయాయి.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మీ నాన్నకి పదకొండు. వాణ్ణి బడి నుంచి తీసుకురావడానికి నా బండి మీద వెళ్లాను. గేర్లు లేని బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాన్ని నేను ఎంత ముద్దుగా చూసుకునేదాన్నో చెబితే నవ్వుతావు. లోపలికి వెళ్లి వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేసరికి అది కుడిపక్కకి పడి ఉంది. ఎవరు గుద్దారో, ఏ పిల్లలు ఎక్కి ఊగారో తెలియదు. అద్దం ముక్కలైపోయింది. నా ప్రాణమంతా ఆ అద్దం మీదే. లేపి నిలబెట్టి, కొంగుతో మట్టి తుడిచి, గీతలు ఎన్ని పడ్డాయో లెక్కపెట్టాను. నిజంగా లెక్కపెట్టాను చిట్టీ, పదకొండు.

చూడాల్సింది చూడలేదు. హ్యాండిల్ చివర నేలకి కొట్టుకున్నప్పుడు గ్రిప్ లోపలికి జరిగింది. మామూలుగా ఆ రబ్బరుకీ పక్కన స్విచ్చులుండే డబ్బాకీ మధ్య గోరు దూరేంత సందు ఉంటుంది. ఆ సందు పోయింది. రబ్బరు డబ్బాని ఒరుసుకుంటోంది. తిప్పితే తిరుగుతోంది, వదిలితే వెనక్కి రావడం లేదు. ఒక్కసారి ఊరికే తిప్పి వదిలి ఉంటే తెలిసిపోయేది. రెండు సెకన్ల పని.

సెల్ఫ్ కొట్టాను, అంటుకోలేదు. మళ్లీ కొట్టాను, అంటుకోలేదు. మీ నాన్న పక్కనే "ఎంతసేపక్కా" అని నస. నేనింకా బండి ఎక్కలేదు. ఎడమపక్క నేల మీద నిలబడి, స్టాండ్ తీసేసి, ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద ఉంది గానీ వేళ్లు బ్రేక్ మీద లేవు. విసుగొచ్చి రేజ్ సగం దాకా తిప్పి పట్టుకుని మళ్లీ కొట్టాను. ఈసారి అంటుకుంది.

గేర్లు లేని బండికి న్యూట్రల్ ఉండదు. ఇంజిన్ వేగం అందుకుందంటే క్లచ్ దానంతటదే పట్టేస్తుంది, చక్రం తిరిగిపోతుంది. నేను రేజ్ వదిలాననే అనుకున్నాను. అది వదల్లేదు. బండి ముందుకి దూకింది. చేతిలోంచి జారిపోయేదాన్ని ఎవరైనా ఏం చేస్తారు? గట్టిగా పట్టుకుంటారు. కుడిచేత్తో గట్టిగా పట్టుకున్నకొద్దీ రేజ్ ఇంకా పెరుగుతుంది. ఐదారడుగులు నన్ను ఈడ్చుకుపోయి ఎదురుగా ఉన్న గోడకి గుద్దుకుంది. నా కుడి మణికట్టు హ్యాండిల్‌కీ గోడకీ మధ్య నలిగింది. ఈ ఉత్తరంలో నా అక్షరాలు కుడివైపుకి పోనుపోను వాలిపోతుంటాయని వెక్కిరిస్తావే, అది ఆ చెయ్యే.

ఈ కథ నీకు తెలుసు. పదిమంది చేరితే చాలు, "మా అక్క స్కూటర్‌తో గోడెక్కబోయింది" అని మీ నాన్న మొదలుపెడతాడు. అందరితో పాటు నేనూ నవ్వుతాను. నేను సెల్ఫ్ కొట్టడానికి ఒక్క నిమిషం ముందు దాకా వాడు ఆ గోడకే ఆనుకుని కింద కూర్చున్నాడు. చెప్పు తెగితే సరిచేసుకుంటున్నాడు. "అలా కూలబడకపోతే ఆ అద్దం ముక్కలు ఏరరాదూ, ఎవరి కాళ్లకైనా గుచ్చుకుంటాయి" అని కసిరాను. మూతి ముడుచుకుని లేచి వచ్చాడు. ఆ కసురు వాడికి గుర్తులేదు. బండిని వెనక్కి లాగాక గోడకి పెచ్చు ఊడిన చోటు చూశాను. కూర్చున్నవాడి తలంత ఎత్తులో ఉంది.

ఇది మీ నాన్నకి చెప్పకు. చెప్పినా నవ్వేస్తాడనుకో.

కాబట్టి నా మాట విని ఇలా చెయ్. ఇంజిన్ ఆపి ఉండగా గ్రిప్‌ని పూర్తిగా తిప్పి వదిలెయ్. నువ్వు వెనక్కి తేకూడదు, దానంతటదే "టక్" మని రావాలి. హ్యాండిల్ తిన్నగా పెట్టి ఒకసారి, పూర్తిగా ఎడమకి తిప్పి ఒకసారి, పూర్తిగా కుడికి తిప్పి ఒకసారి. మూడింట్లో ఎక్కడ బద్ధకించినా, ఇసుక నలిగినట్టు గరగరలాడినా బండి కదలదు, అంతే. గ్రిప్ పక్కన ఆ గోరంత సందు ఉందో లేదో వేలుపెట్టి చూడు. కంటితో చూస్తే తెలియదు.

అది సరిగ్గా ఉంటేనే స్టార్ట్. డబుల్ స్టాండ్ మీద, వెనక చక్రం నేలకి తగలకుండా, నువ్వు సీటు మీద కూర్చుని, ఎడమ బ్రేక్ నొక్కి పట్టుకుని. ముందూ వెనకా మనిషి ఉండకూడదు. మళ్లీ రాస్తున్నాను, ముందు మనిషి ఉండకూడదు. సాయం చేస్తామని వచ్చి ఎదురుగా నిలబడేవాళ్లు ఉంటారు, మొహమాటపడకుండా పక్కకి పంపెయ్. సెల్ఫ్ కొట్టేటప్పుడు రేజ్ ముట్టుకోకు. అంటుకున్నాక హ్యాండిల్‌ని మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పు. ఇంజిన్ చప్పుడు మారకూడదు. ఒక పక్కకి తిప్పినప్పుడు రేజ్ పెరిగిందంటే లోపల కేబుల్ ఎక్కడో నొక్కుకుపోయిందని అర్థం. బ్రేక్ వదిలినప్పుడు వెనక చక్రం నెమ్మదిగా తిరుగుతుంటే కంగారుపడకు, మళ్లీ నొక్కితే ఆగాలి. ఎప్పుడైనా రేజ్ ఇరుక్కుపోయిందా, రెండు బ్రేకులూ నొక్కు, తాళం ఆపు. నీ బండికి ఇంజిన్ ఆపే స్విచ్ ఉంటే అది ఇంకా దగ్గర.

నీ ఫ్రెండ్‌కి కరెంటు బండి ఉంది కదా, ఆ అమ్మాయికి కూడా చెప్పు. దానికి చప్పుడే ఉండదు, ఆగి ఉందో దూకడానికి సిద్ధంగా ఉందో చెవికి తెలియదు. ఆ బండి పడిందంటే బ్యాటరీ ఉన్న పెట్టెకి సొట్ట, పగులు ఉందేమో చూపించకుండా ఛార్జింగ్ పెట్టొద్దను.

బ్రేక్ లివర్ సంగతి. కుడి లివర్ కాస్త వంగి ఉంటుంది, చూసి చేత్తో లాగి సరిచెయ్యాలనిపిస్తుంది. చెయ్యకు. అది అల్యూమినియం పోత, ఒకసారి వంగినదాన్ని వెనక్కి వంచితే మెడ దగ్గర సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లింది మామూలు రోజున ఏమీ అనదు, ఒక్కసారిగా గట్టిగా నొక్కాల్సి వచ్చిన రోజున ఊడి చేతికొస్తుంది. హ్యాండిల్‌కి కలిసే చోట గోటితో గీసి చూడు, గోరు పట్టుకుంటే మార్పించెయ్. నొక్కినప్పుడు గ్రిప్‌కి తగిలేదాకా లోపలికి వచ్చినా, డిస్క్ బ్రేక్ అయితే స్పాంజిలా మెత్తగా ఉన్నా, పైపు దగ్గర తడి కనిపించినా ఆ బండి ఎక్కే బండి కాదు.

తర్వాత బండికి ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడు. ఇంజిన్ ఆపేశాకే, గుర్తుంది కదా! చక్రం తిన్నగా ఉన్నప్పుడు హ్యాండిల్ కూడా తిన్నగా ఉందా, వంకరగా ఉందా? వంకరగా ఉంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మెలిపడిందేమో చూపించాలి. ఎవరినైనా వెనక సీటు కిందికి నొక్కమని, ముందు చక్రం గాల్లోకి లేచాక చేత్తో తిప్పు. మడ్‌గార్డ్‌కీ చక్రానికీ మధ్య సందు ఒకేలా ఉండాలి. పెరుగుతూ తగ్గుతూ ఉంటే రిమ్ వంగినట్టే. విరిగిన ప్లాస్టిక్ ముక్కలేవీ టైరుకి తగలకూడదు. గాలి కూడా చూసుకో, రిమ్‌కి సొట్ట పడితే ట్యూబ్‌లెస్ టైరు ఆ అంచు దగ్గర మెల్లగా దిగిపోతుంది.

ఇన్నీ బాగుంటే అప్పుడు హెల్మెట్ పెట్టుకుని, ఖాళీ చోట, మనిషి నడిచే వేగంతో పది గజాలు వెళ్లు. ముందు బ్రేక్, వెనక బ్రేక్ విడివిడిగా వేసి చూడు. హ్యాండిల్ మీద చేతులు వదులుగా పెట్టుకుని వెళ్లు, బండి ఒక పక్కకి లాగుతుంటే ఆపేసి తోసుకుంటూ వచ్చెయ్. వదులుగా అన్నాను, వదిలెయ్యమనలేదు. నీ సంగతి నాకు తెలుసు. సైకిల్ మీద రెండు చేతులూ వదిలేసి నాకు చూపించి మరీ పళ్లు రాలగొట్టుకున్నదానివి. ఆ రోజు నిన్ను తిట్టి, లోపలికి వెళ్లి ఏడ్చాను.

మర్నాడు బండి నిలబెట్టిన చోట నేల మీద చుక్కలు ఉన్నాయేమో చూడు.

అద్దం పగిలిందని బాధపడుతున్నావట. కొత్తది వేయించుకుందువులే. అది లేకుండా మాత్రం రోడ్డెక్కకు. గీతలు ఉంటే ఉండనీ. నా బండికి ఆ పదకొండూ అమ్మేదాకా అలాగే ఉన్నాయి.

రేపు బండి చూసేటప్పుడు నాకు ఫోన్ చెయ్. మాట్లాడక్కర్లేదు. ఫోన్ గ్రిప్ దగ్గర పెట్టి, మూడుసార్లు తిప్పి వదులు. ఆ "టక్" నేను వినాలి.

మీ అత్త