పొట్టేలు పిల్ల ఒకే వైపు గుండ్రంగా తిరుగుతుంటే...

ప్రశ్న: మాకు 70 గొర్రెలున్నాయి. ఏడాది వయసున్న పొట్టేలు పిల్ల మూడు వారాలుగా ఎడమ వైపుకే గుండ్రంగా తిరుగుతోంది. మందలో వెనకబడుతోంది, గోడకు తల ఆనించి నిలబడుతోంది. మేత తింటోంది గానీ చిక్కిపోయింది. ఇప్పుడు ఇంకో పిల్లకూ మొదలైంది. నట్టల మందు తాగించినా, సూదులు వేయించినా తగ్గలేదు. మంద వెంట రెండు కుక్కలున్నాయి. ఏం చేయాలి?
– ఒక రైతు, నారాయణపేట జిల్లా

జవాబు: మీరు రాసినవాటిలో రోగాన్ని పట్టిచ్చేది తిరగడం కాదు, ‘మూడు వారాలు’ అన్న మాట. మెదడుకు సోకే చాలా జబ్బుల్లో గొర్రె తిరుగుతుంది, కానీ అవి రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తాయి. వారాల తరబడి మేస్తూనే, ఒకే వైపు తిరుగుతూ చిక్కిపోతోందంటే ముందుగా అనుమానించాల్సింది గిడ్ వ్యాధిని, అంటే మెదడులో నీటితిత్తిని.

ఇంటి దగ్గరే మూడు పరీక్షలు చేయండి. థర్మామీటరుతో ఆసన మార్గంలో వేడి చూడండి. గిడ్‌లో సాధారణంగా జ్వరం ఉండదు. తర్వాత గాలి తగలకుండా అరచేతిని ఒక్కో కంటి దగ్గరికి తీసుకెళ్లండి. తిత్తి మెదడులో ఏ పక్కన ఉంటే పిల్ల ఎక్కువగా ఆ పక్కకే తిరుగుతుంది, రెండో పక్క కన్ను చూపు తగ్గుతుంది. మీ పిల్ల ఎడమకు తిరుగుతోంది కాబట్టి కుడి కంటికి రెప్ప వేయకపోతే అనుమానం బలపడుతుంది. చివరగా కొమ్ముల మొదళ్ల దగ్గర, వాటి వెనక బొటనవేలితో మెల్లగా తడమండి. తిత్తి బాగా పెరిగితే పైనున్న ఎముక పలచబడి మెత్తగా తగులుతుంది. గట్టిగా నొక్కకండి.

ఒక జాగ్రత్త. మందను పిచ్చికుక్క కరిచి ఉన్నా, పిల్ల గొంతు మారినా, చొంగ కారుస్తూ మీదికి వస్తున్నా రేబిస్ కావచ్చు. నోట్లో చేయి పెట్టకండి, మందు తాగించకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి.

రెండో పిల్లకు ఇప్పుడే మొదలైంది కాబట్టి దాన్ని గిడ్ అని వదిలేయకుండా విడిగా చూడండి. ఒక చెవి వాలి, ఒక పక్క పెదవి జారి చొంగ కారుతూ, జ్వరం ఉంటే లిస్టీరియా, అంటే బ్యాక్టీరియా వల్ల మెదడుకు వచ్చే జబ్బు. బూజు పట్టిన పాతర గడ్డి మేపినచోట ఇది ఎక్కువ. ఆ రోజే పెన్సిలిన్ ఎక్కువ మోతాదులో పడాలి, ఆలస్యమైతే బతకదు. పెళ్లిలో మిగిలిన అన్నమో, గింజలో ఒక్కసారిగా ఎక్కువ తిని, తల వెనక్కి విరిచి ఆకాశం చూస్తూ, రెండు కళ్లూ కనబడకపోతే బి1 విటమిన్ లోపం. కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున, 25 కిలోల పిల్లకు 250 మి.గ్రా. బి1 ఇంజెక్షన్ డాక్టరు వేస్తారు; తొందరగా పడితే కొన్ని గంటల్లోనే తేడా కనిపిస్తుంది. తుమ్ములు, ముక్కులో చీమిడి ఉండి తల విదిలిస్తుంటే ముక్కు ఈగ పురుగులు, దానికి ఐవర్‌మెక్టిన్ పనిచేస్తుంది.

గిడ్ అయితే మాత్రం, పెరిగిన తిత్తిని ఏ సూదీ, ఏ నట్టల మందూ కరిగించలేదు. మీరు వేయించినవి పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఆపరేషన్ ఒక్కటే దారి. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సిరంజితో నీరు లాగి, తిత్తి పొరను పట్టకారుతో బయటికి తీస్తారు. తిత్తి పైకి దగ్గరగా ఉంటే పిల్ల కోలుకునే అవకాశం బాగుంటుంది, లోతుగా ఉంటే కష్టం. పిల్ల లేవలేని స్థితికి రాకముందే రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆ పొరను వెలుతురులో చూస్తే గుంపులు గుంపులుగా తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో బద్దె పురుగు తల. చచ్చిన గొర్రె తలకాయ కుక్క తింటే ఆ తలలు దాని పేగులో పురుగులవుతాయి, దాని పెంటతో గుడ్లు మేత మీద పడి మళ్లీ మీ పిల్లల మెదడుకు చేరతాయి. అందుకే అసలు వైద్యం కుక్కలకు. బద్దె పురుగులను చంపే ప్రాజిక్వాంటెల్ మందును కిలో బరువుకు 5 మి.గ్రా., అంటే 20 కిలోల కుక్కకు 100 మి.గ్రా. చొప్పున ఆరు వారాలకోసారి ఇవ్వండి. మందు వేశాక రెండు రోజులు కట్టేసి, పెంట ఎత్తి కాల్చేయండి. కుక్కను ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈ గుడ్లు అరుదుగానైనా మనిషికీ సోకుతాయి. గొర్రె తలలను కుక్కలకు వేయకండి, కాల్చండి లేదా లోతుగా పూడ్చండి. పక్క మందల కాపరులు కూడా అదే వారంలో తమ కుక్కలకు మందు వేస్తేనే ఫలితం ఉంటుంది.

గుడ్డు కడుపులో పడిన రెండు నెలల నుంచి ఎనిమిది నెలల దాకా లక్షణాలు బయటపడవచ్చు. కాబట్టి కుక్కలకు మందు వేశాక కూడా మీ మందలో ఒకటి రెండు పిల్లలు తిరగడం మొదలుపెట్టవచ్చు. మందు పనిచేయలేదని మధ్యలో ఆపకండి. అవి అంతకు ముందే గుడ్లు తిన్న పిల్లలు.