టెక్ సందేహాలు: టాక్‌బ్యాక్ మా తమ్ముడి నోట్సు చదవట్లేదు!

ప్రశ్న: మా తమ్ముడికి చూపు లేదు. డిగ్రీ చదువుతూనే గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాడు. ఫోన్‌లో తెర మీదున్నది పైకి చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేశాం. వాట్సాప్ మెసేజ్‌లు చక్కగా చదువుతోంది. కోచింగ్‌వాళ్లు పంపే తెలుగు పీడీఎఫ్‌లు తెరిస్తే మాత్రం కొన్నింటికి నోరే మెదపదు, కొన్నింటికి ఏవో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు పలుకుతుంది. ఖరీదైన ఫోన్ కొనమంటారా?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: డబ్బులు దాచుకోండమ్మా. లోపం ఆ పీడీఎఫ్‌లలో ఉంది.

నోరు మెదపనివి పుస్తకం పేజీలను ఫొటో తీసి చేసినవి. అందులో అక్షరాలుండవు, వాటి బొమ్మలుంటాయి. ఇంగ్లిష్ పలికేవి అను లాంటి పాత ఫాంట్లలో కొట్టినవి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ వీటి వాడకం ఉంది. వీటిలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల రూపాలను కూర్చారు. కంటికి తెలుగే. టాక్‌బ్యాక్‌కి కన్ను లేదు కదా, లోపలున్న కోడ్‌నే చదువుతుంది.

మొదట కోచింగ్‌వాళ్లనే యూనికోడ్‌లో (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) టైప్ చేసిన ఫైల్ అడగండి. అను ఫైల్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒక్కసారి మారిస్తే ఆ బ్యాచ్‌లో చూపులేని వాళ్లందరికీ పనికొస్తుంది. మొహమాటపడకండి. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) చదువు విషయంలో ఇలాంటి వెసులుబాట్ల గురించే చెబుతోంది.

ఈలోగా పేజీని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టండి. కంప్యూటర్‌లో దానిపై రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో గూగుల్ డాక్స్ ఎంచుకోండి. బొమ్మ కింద తెలుగు టెక్స్ట్ వస్తుంది. ఒత్తులు, అంకెలు అక్కడక్కడా తప్పుతాయి. సంవత్సరాలు, ఆర్టికల్ నంబర్లు మీరోసారి సరిచూసివ్వండి, పరీక్షలో మార్కులు పోయేది అక్కడే. పట్టికలైతే గందరగోళమే, వాటిని చదివి వినిపించడం మేలు.

ఇంకో మాట. మీ తమ్ముడు తడుముకుంటుంటే ఫోన్ లాక్కుని మీరు నొక్కేయకండి. ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది, రెండు వేళ్లతో జరిపితే పేజీ కదులుతుంది. చేతికి అలవాటు కావాలంటే తనే చేయాలి. బ్యాంకు పనులప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి, బస్సులో పక్కవాళ్లకి బ్యాలెన్స్ వినిపించడం ఎందుకు!

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే ఎన్‌వీడీఏ వేయండి. టాక్‌బ్యాక్ లాగే తెర మీదున్నది చదివే, విండోస్‌లో పనిచేసే ఉచిత స్క్రీన్ రీడర్ ఇది, తెలుగూ చదువుతుంది.

ప్రశ్న: అమ్మకు వినపడదు. మా కిరాణా కొట్టులో గిరాకీలతో బేరం తెగడం లేదు. ఏదైనా యాప్ ఉందా?
– ఓ పాఠకుడు, పరకాల

జవాబు: గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ ఉచితం. భాష తెలుగు పెట్టి, అక్షరాల సైజు పెంచి, ఫోన్‌ను గల్లాపెట్టె మీద గిరాకీల వైపు మైకు ఉండేలా పెట్టండి. ఎదుటివాళ్ల మాటలు తెర మీద పడతాయి. పక్కన టీవీ మోగుతుంటే, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తికమకపడుతుంది. మన యాసలో గబగబా అన్న మాటలూ తప్పుగా పడొచ్చు. ధర దగ్గర మాత్రం వేళ్లతో చూపించమనండి.