మండేలాను వాళ్లు ఎలా తలుచుకుంటారు? నేను చూసినంతలో

"దక్షిణాఫ్రికా తొలి నల్లజాతి అధ్యక్షుడు మండేలాను అక్కడివాళ్లు ఎలా గౌరవించుకుంటారు? మనలాగే విగ్రహాలు, దండలేనా?" అని అడిగారు. జోహన్నెస్‌బర్గ్‌లో మూడేళ్లు ఉద్యోగం చేశాను కాబట్టి కళ్లతో చూసింది చెబుతాను.

విగ్రహాలకు లోటేమీ లేదు. ప్రిటోరియాలో యూనియన్ బిల్డింగ్స్ ముందున్న తోటలో 9 మీటర్ల కంచు విగ్రహం ఉంది. 1994 మే 10న ఆయన అధ్యక్షుడిగా ప్రమాణం చేసింది ఆ భవనం దగ్గరే. 2013 డిసెంబరు 15న ఆయనను పెరిగిన ఊరు కూనూలో ఖననం చేశారు, మర్నాడే విగ్రహాన్ని ఆవిష్కరించారు. వేలెత్తి దారి చూపే విగ్రహాలకు అలవాటుపడిన నాకు, రెండు చేతులూ బార్లా చాచి నిలబడిన మనిషి కొత్తగా కనిపించాడు. అంతకుముందు అక్కడ హెర్ట్‌జోగ్ అనే శ్వేతజాతి ప్రధాని విగ్రహం ఉండేది. దాన్ని పగలగొట్టకుండా అదే తోటలో మరో పక్కకు జరిపారు. ఇంకో తమాషా: సంతకం చేయనివ్వలేదని శిల్పులు మండేలా చెవిలో చిన్న కుందేలు బొమ్మను దాచారు. తెలిసిపోయాక పెద్ద గొడవైంది, తీయించేశారు. నాకైతే ఉంచేస్తే బాగుండేదనిపించింది.

కానీ మీరు అడిగినదానికి అసలు జవాబు జూలై 18న దొరుకుతుంది. అది ఆయన పుట్టినరోజు. సెలవు లేదు, అందరూ పనికి వెళతారు. ఆ రోజు 67 నిమిషాలు ఎవరికైనా పనికొచ్చే పని చేయాలి. 1942 నుంచి 67 ఏళ్లు ప్రజల కోసం పనిచేశారని లెక్క, ఏడాదికో నిమిషం చొప్పున. జూలై అంటే అక్కడ గడ్డకట్టే చలికాలం. కొందరు దుప్పట్లు అల్లుతారు, కొందరు బడి గోడలకు రంగులు వేస్తారు. మా ఆఫీసులో పిల్లల కోసం పీనట్ బటర్ శాండ్‌విచ్‌లు చేశాం. పెద్ద మేనేజర్లు కూడా చేతులకు తొడుగులు వేసుకుని బల్ల దగ్గర నిలబడ్డారు.

మా ఆఫీసులో టీ ఇచ్చే పెద్దావిడ మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడను అందరం గోగో అని పిలిచేవాళ్లం, జులూ భాషలో అవ్వ అని. "ఇరవై ఏళ్లు తెల్లవాళ్ల ఇళ్లలో వాళ్ల పిల్లలకు ఈ రొట్టెలే చేశాను. ఈ రోజు మీరు చేయండి, నేను చూస్తాను" అంది. చూడటంతో ఊరుకుందా! అంచుల దాకా పూయడం లేదని మా డైరెక్టరుకే వంకలు పెట్టింది. ఆయన బుద్ధిగా మళ్లీ పూశాడు.

ఆవిడ మండేలాను పేరుతో పిలవగా నేను ఎప్పుడూ వినలేదు. "టాటా మడీబా" అనేది. మడీబా ఆయన వంశనామం, టాటా అంటే ఖోసా భాషలో నాన్న. మా భాషలో తాత అంటే నాన్నకు నాన్న అని చెబితే పడీపడీ నవ్వి, "అయితే మీకు ఇంకో మెట్టు పైన" అంది.

అన్ని జాతులవాళ్లూ కలిసి తొలిసారి ఓటు వేసిన 1994 ఏప్రిల్ 27 గురించి చెప్పమని గోగోను ఒకసారి అడిగాను. అప్పటికి ఆవిడకు నలభై దగ్గరపడ్డాయి, జీవితంలో అదే మొదటి ఓటు. పొద్దున వెళితే మధ్యాహ్నం దాటాక వంతు వచ్చిందట. "కాళ్లు నొప్పి పుట్టలేదా?" అంటే, "పుట్టాయి. అంతకుముందు ఊరికే పుట్టేవి" అంది. మండేలాకూ అదే మొదటి ఓటు, 75 ఏళ్ల వయసులో, డర్బన్ పక్కన ఇనాండాలో వేశారు. 1860 నుంచి చెరకు తోటల కూలికి ఓడలెక్కి వెళ్లిన మన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు కూడా అందరితో కలిసి ఒకే వరుసలో నిలబడి ఓటు వేసింది ఆ ఎన్నికల్లోనే. మన పత్రికలు "నల్ల సూరీడు" అని రాసినప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తురాదు.

అందరూ చేతులు జోడిస్తారనుకోకండి. నా పక్క సీటు కుర్రాడు జోహన్నెస్‌బర్గ్ పక్కన నల్లవాళ్ల బస్తీ అయిన సొవెటోలో పుట్టి పెరిగాడు. "ఓటు వచ్చింది, భూమి రాలేదు. మండేలా తాత తెల్లవాళ్లను తొందరపడి క్షమించేశాడు" అనేవాడు. అలా అంటూనే ప్రతి జూలైలో అందరికంటే ముందు వచ్చి రొట్టెల పెట్టెలు మోసేవాడు. ఇది తిట్టో గౌరవమో మీరే తేల్చుకోండి, నేను రెండూ అనుకుంటాను.

నాకు ఎక్కువ నచ్చిన స్మారకం కేప్‌టౌన్ దగ్గర సముద్రంలో ఉన్న రాబెన్ ద్వీపంలో ఉంది. మండేలా 27 ఏళ్ల జైలు జీవితంలో 18 ఏళ్లు అక్కడే గడిపారు. సున్నపురాయి గనిలో ఆ తెల్లటి మెరుపుకు ఖైదీల కళ్లు దెబ్బతిన్నాయి. 1995లో పాత ఖైదీలంతా మళ్లీ అక్కడ కలిసినప్పుడు ఆయన ఒక రాయి తీసి నేల మీద పెట్టారు. వెనకాలే మిగతావాళ్లూ తలా ఒకటి పెట్టారు. ఆ గుట్ట అలాగే ఉంది. చెక్కుడు లేదు, పూత లేదు. నేను వెళ్లినరోజు మాకు జైలు చూపించింది కూడా ఒకప్పటి ఖైదీయే. మండేలా గది దగ్గర ఆగి రెండే మాటలు చెప్పి, తాను ఉన్న గది దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు.

మీరు వెళ్లేటట్లయితే కేప్‌టౌన్ నుంచి పడవ టికెట్టు ముందే తీసుకోండి, చేతిలో ఇంకో రోజు ఉంచుకోండి. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. నాకు రెండోరోజు కుదిరింది.