ఎన్నారై సందేహాలు: బిర్యానీ పెట్టి తెచ్చిన స్నేహితులు

పర్లాకిమిడి నుంచి రాసిన చెల్లెమ్మకి,

మీ అబ్బాయికి పన్నెండో ఏట ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని ఇబ్బంది) రెండూ ఉన్నాయని చెప్పారనీ, ఇంజనీరింగ్ ఇంటి దగ్గర నుంచే చదివాడనీ, ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వస్తున్నాడనీ రాశారు. ఈ సంగతి యూనివర్సిటీకి చెప్పాలా, చెబితే మార్కుల షీటు మీద పడుతుందా అని అడిగారు.

చెప్పాలి. షీటు మీద పడదు. 1973 నాటి పునరావాస చట్టం 504వ సెక్షన్, 1990 నాటి ఏడీఏ అనే వికలాంగుల హక్కుల చట్టం, ఈ రెండింటి కింద కాలేజీలు సదుపాయాలు ఇవ్వాలి. అయితే అడిగితేనే. డిజేబిలిటీ ఆఫీసుకి వాడే వెళ్ళి, రిపోర్టు చూపించి, వాడి నోటితో అడగాలి. ఇండియాలో తీసుకున్న యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు ఒక్కటే చాలనుకోకండి. సైకాలజిస్టు దగ్గర ఇంగ్లీషులో వివరంగా రాయించిన రిపోర్టు తెచ్చుకోమనండి. మిగతా రూల్సు యూనివర్సిటీ సైట్లోనే ఉంటాయి, చదువుకోగలరు. మీరు అడగనిదొకటి ఉంది. వాడు ఎవరితో కూర్చుని తింటాడు?

నేను ఒడిశాలోని బరంపురం నుంచి ఇక్కడికి వచ్చి పాతికేళ్ళు దాటింది. ఇప్పుడు వచ్చేవాళ్ళకి ఎయిర్‌పోర్టుకే సీనియర్లు కారేసుకుని వస్తున్నారు. మేం కందిపప్పు కోసం నలభై మైళ్ళు వెళ్ళేవాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. బడాబజార్లో రెండు భాషల్లో బేరమాడి పెరిగినవాణ్ణి, సర్దుకుపోవడం నాకొకరు నేర్పాలా అని పొగరు ఉండేది. ఆ పొగరు నన్ను ఇక్కడ నిలబెట్టింది, కాదనను. దాన్నే మావాడికీ అంటగట్టబోయాను.

మావాడు ఇక్కడే పుట్టాడు. వాడికీ ఆటిజమే. స్కూల్లో ఐఈపీ అని, వాడికి ఏ సాయం కావాలో రాసిన ఒక కాగితం ఉండేది, టీచర్లే మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి అన్నీ చూసుకునేవారు. ఆ కాగితం కాలేజీకి కూడా దానంతటదే వెళుతుందనుకున్నాను. హైస్కూలు పట్టా చేతికొచ్చిన రోజుతో దాని పని సరి. పైగా నేనే వాడికి చెప్పాను, "కొత్త చోటు కదా నాన్నా, ఎవరికీ చెప్పకు" అని. బరంపురంలో మా అమ్మకే చెప్పలేదు మేము. "గుంటడు మాట తక్కువ" అని ఆవిడే సరిపెట్టుకుంది.

రోజూ ఫోన్ చేసి "తిన్నావా?" అనేవాణ్ణి. "తిన్నాను" అనేవాడు. అక్టోబరులో వెళ్ళి చూస్తే గది నిండా కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు, ప్యాంటు నడుము మీద నిలవడం లేదు. డైనింగ్ హాల్లో ఆ పళ్ళాల చప్పుడు, అన్ని వాసనలు ఒక్కసారిగా వాడికి పడవు. మూసే ముందు పది నిమిషాలు వెళ్ళేవాడు. ఆలస్యమైతే వెండింగ్ మెషినే. అబద్ధం చెప్పలేదు వాడు, తిన్నమాట నిజమే. ఆరు వారాల్లో ఒక్కరితో కూడా కూర్చుని మాట్లాడలేదు. ఆ సంగతి నేనెప్పుడూ అడగలేదు.

కాలేజీకి ఫోన్ చేశాను. పిల్లవాడి అనుమతి లేకుండా మాకు ఏమీ చెప్పరట, ఫెర్పా అని 1974 నాటి చట్టం. "ఫీజు కట్టే తండ్రిని!" అని అరిచాను. ఫోనెత్తిన ఆవిడ అదే వాక్యాన్ని మూడుసార్లు మెల్లగా చెప్పింది.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గే. అక్కడున్న నలుగురు తెలుగు కుర్రాళ్ళ నంబర్లు సంపాదించి, మావాణ్ణి కలుపుకోండి బాబూ, నెలకోసారి వచ్చి బిర్యానీ తినిపిస్తాను అన్నాను. మంచి పిల్లలే, రెండు నెలలు కలుపుకున్నారు. మూడోసారి మావాడి ఎదురుగానే ఒకడు, "అంకుల్, వచ్చే నెల మటన్ చేయిస్తారా?" అన్నాడు. మావాడికి ఎదుటివాళ్ళ మొహం చూసి గ్రహించడం కష్టమంటారు. ఆ రోజు అంతా గ్రహించాడు. కంచం పక్కన పెట్టేసి గదికి వెళ్ళిపోయాడు. మూడు వారాలు నా ఫోన్ ఎత్తలేదు.

జనవరిలో డిజేబిలిటీ ఆఫీసుకి తనే వెళ్ళాడు. మొదటిసారి గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చాడట. రెండోసారి చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని వెళ్ళి చదివాడు. పరీక్షకి విడిగా గది, ఒకటిన్నర రెట్లు టైము ఇచ్చారు. పోయిన సెమిస్టరు మార్కులు మాత్రం తిరిగి రావు. అందుకే మీవాణ్ణి మొదటి వారంలోనే వెళ్ళమనండి. అడిగే మాటలు ఇప్పుడే ఇంట్లో రాసి పెట్టుకోమనండి, మీరు రాసివ్వకండి. వీలైతే ఈ వేసవిలో ఓ పది రోజులు విశాఖలో ఒంటరిగా ఉంచండి. బట్టలు ఉతుక్కోవడం, మందులు గుర్తుపెట్టుకోవడం, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళడం అక్కడ అలవాటైతే మంచిది. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద కోర్సులు తగ్గించుకోవాలంటే ముందే డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే కాలేజీ అధికారి) అనుమతి కావాలి. వైద్య కారణం మీద ఒక డిగ్రీ స్థాయికి మొత్తం పన్నెండు నెలలకు మించి ఇవ్వరు.

తెలుగు సంఘం పిక్నిక్కులకి మాత్రం తొయ్యకండి. మీకు సందడి కనిపిస్తుంది, వాడికి చప్పుడే వినిపిస్తుంది. మావాడికి దారి దొరికింది లైబ్రరీలో, పుస్తకాలు అరల్లో సర్దే పని. ఎఫ్-1 వాళ్ళకి కూడా సెమిస్టరులో వారానికి 20 గంటల దాకా క్యాంపస్‌లో పని చేసే వీలుంది. అదే షిఫ్టులో ఇంకో కుర్రాడు, వాడికీ రైళ్ళ పిచ్చి. మావాడికి బరంపురం మీదుగా పోయే ప్రశాంతి, ఫలక్‌నుమా, కోణార్క్ ఏ స్టేషన్లో ఆగుతాయో అన్నీ కంఠతా. ఎవరూ నంబరివ్వలేదు, ఎవరూ బిర్యానీ పెట్టలేదు. బుధవారం రాత్రి షిఫ్టయ్యాక ఇద్దరూ ఖాళీ క్యాంటీన్‌లో తినేవారు.

కిందటిసారి బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్రకి ఇంటికొస్తే ఆ స్నేహితుణ్ణీ వెంట తెచ్చాడు. డప్పుల మోత మొదలవగానే ఇద్దరూ కనిపించలేదు. ఊరంతా వెతికి చివరికి స్టేషన్లో పట్టుకున్నాను, ప్లాట్‌ఫాం బెంచీ మీద. ఇంతసేపు ఏం మాట్లాడుకున్నార్రా అంటే, "ఏడు బళ్ళు చూశాం" అన్నాడు.